పది వరుసలతో ప్రాక్సీ పూర్తి కాదు

జావాస్క్రిప్టులో వెబ్ ప్రాక్సీ సర్వర్ రాయడం పది వరుసల పని అన్న మాట ప్రోగ్రామింగ్ పాఠాల్లో పాతుకుపోయింది. నోడ్ జేఎస్ ఎక్కించుకోవాలి, ఒక సర్వర్ తెరవాలి, వచ్చిన అభ్యర్థనను అసలు సైటుకు పంపాలి, అక్కడినుంచి వచ్చిన జవాబును బ్రౌజరుకు అందించాలి. తెరమీద పేజీ కనబడగానే పాఠం ముగుస్తుంది. ఈ అభిప్రాయం తప్పు. ఆ పది వరుసల్లో ఉన్నది ప్రాక్సీలోని సులువైన భాగం మాత్రమే. దాన్ని ప్రాక్సీగా నిలబెట్టే పనంతా వాటి బయటే ఉంది. పైగా ఇంగ్లిషు పేజీలతో మాత్రమే పరీక్షించేవారికి ఆ లోటు చాలాకాలం కనబడదు. తెలుగు పేజీ ఒక్కటి ఆ దారిన వెళితే చాలు, బయటపడుతుంది.

ప్రాక్సీ అంటే చదివేవారికీ సైటుకూ నడుమ నిలబడి ఇరుపక్కలా మాట్లాడే ప్రోగ్రాం. వెబ్ పుట్టిన తొలి ఏళ్లలోనే దీని అవసరం వచ్చింది. సెర్న్ పరిశోధన సంస్థ వెబ్ సర్వరుకు ప్రాక్సీ సామర్థ్యం ఎలా చేర్చారో ఆరి లువోటొనెన్, కెవిన్ ఆల్టిస్ 1994లో జెనీవాలో జరిగిన తొలి అంతర్జాతీయ వెబ్ సదస్సులో వివరించారు. ఫైర్‌వాల్ వెనుక ఉన్న కంప్యూటర్లు బయటి వెబ్‌ను చేరడం, ఒకసారి తెచ్చిన పేజీని దాచి పదిమందికీ పంచడం అప్పటి లక్ష్యాలు. ఇవాళ అదే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. బ్రౌజర్ సెట్టింగుల్లో చిరునామా పెట్టుకుని వాడే ఫార్వర్డ్ ప్రాక్సీ మొదటిది. సైటు ముందు కాపలాగా నిలిచే రివర్స్ ప్రాక్సీ రెండోది. ఒక సైటులోని జావాస్క్రిప్టు మరో సైటు సమాచారాన్ని నేరుగా చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది గనుక, ఆ అడ్డు తప్పించడానికి వాడే మధ్యవర్తి సర్వర్ మూడోది. పది వరుసల పాఠం ఈ మూడింటినీ కలిపేసి, దేనికీ పనికిరాని నాలుగోదాన్ని చేతిలో పెడుతుంది.

ఇందులో జావాస్క్రిప్టు తప్పేమీ లేదు. ర్యాన్ డాల్ 2009లో నోడ్‌ను తెచ్చిందే ఇలాంటి పని కోసం: ఒకేసారి అనేక కనెక్షన్లను తెరిచి ఉంచి, ఏ కనెక్షన్‌లో డేటా వస్తే దాన్ని అప్పుడే అందుకుని ముందుకు పంపడం. ప్రాక్సీ సమయంలో అధికభాగం ఎదురుచూపులోనే గడుస్తుంది, లెక్కలు వేయడంలో కాదు. కాబట్టి ఒకే దారంతో నడిచే నోడ్ దీనికి బాగా తగినది. భాష తగినదే, పాఠమే అసంపూర్ణం. పాఠంలోని లోటును చూపించి జావాస్క్రిప్టు ఇలాంటి పనులకు చాలదని తేల్చేవారి వాదన కూడా నిలవదు.

మొదటి దెబ్బ అభ్యర్థన తొలి వరుసలోనే తగులుతుంది. బ్రౌజర్ నేరుగా సైటుతో మాట్లాడేటప్పుడు పేజీ దారిని మాత్రమే పంపుతుంది. ఫార్వర్డ్ ప్రాక్సీతో మాట్లాడేటప్పుడు ప్రోటోకాల్, సైటు పేరుతో సహా పూర్తి చిరునామా పంపుతుంది. ఈ తేడా తెలియని ప్రోగ్రాం సైటు పేరుకు పూర్తి చిరునామాను అతికించి, లేని పేజీని అడుగుతుంది. అది సరిచేసినా హెచ్‌టీటీపీఎస్ దగ్గర పని ఆగిపోతుంది. అలాంటి సైటు కావలసినప్పుడు బ్రౌజర్ పేజీని అడగదు. ఫలానా సర్వరుకు ఒక దారి తెరవమని ‘కనెక్ట్’ అన్న ఆదేశం పంపుతుంది. నోడ్‌లో దీన్ని అందుకోవడానికి విడిగా ఒక ఈవెంట్ ఉంది. ఆ ఈవెంటుకు ఎవరూ కాచుకుని లేకపోతే నోడ్ ఆ కనెక్షన్‌ను మూసేస్తుంది. వికీపీడియా 2015లోనే పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారింది. ఇవాళ జనం చదివే సైట్లలో అధికభాగం అదే దారిలో ఉన్నాయి. అంటే ‘కనెక్ట్’ తెలియని ఫార్వర్డ్ ప్రాక్సీ ఈనాటి వెబ్‌లో దాదాపు ఏ పేజీనీ తెరవలేదు.

తెలుగుకు జరిగే నష్టం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఇంగ్లిషు అక్షరం యూటీఎఫ్-8లో ఒక్క బైటు. తెలుగులో ప్రతి హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ, సున్నా కూడా మూడేసి బైట్లు. రామప్ప గుడి ఉన్న ఊరి పేరునే తీసుకుంటే, ‘పాలంపేట’లో ప, ఆకారపు గుర్తు, ల, సున్నా, ప, ఏకారపు గుర్తు, ట కలిపి ఏడు సంకేతాలు, బైట్లు 21. మొదటి ‘ప’ 224, 176, 170 అన్న మూడు అంకెలుగా, ‘ల’ 224, 176, 178గా వైరు మీద ప్రయాణిస్తాయి. జవాబు ముందు ఎన్ని బైట్లు రాబోతున్నాయో చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడర్ ఉంటుంది. పది వరుసల ప్రోగ్రాంలో అక్కడ స్ట్రింగ్ పొడవు రాస్తే జావాస్క్రిప్టు 7 అని చెబుతుంది. బ్రౌజర్ ఏడు బైట్లు తీసుకుని ఆగిపోతుంది. ‘పా’ వరకు ఆరు, ‘ల’లో మూడో వంతు ఒకటి, ఊరి పేరు అక్కడే తెగిపోతుంది. ఇంగ్లిషులో ఇదే తప్పు చేసినా లెక్క సరిపోతుంది గనుక పాఠం చెప్పేవారికి అది తప్పని తెలియదు. బఫర్‌కు ఉన్న బైట్లు లెక్కించే ఫంక్షన్‌ను పిలిచి ఉంటే 21 వచ్చేది.

రెండో తప్పు ఇంకా లోతైనది. సైటు జవాబు ఒక్కసారిగా రాదు, ముక్కలుగా వస్తుంది. వచ్చిన ప్రతి ముక్కనూ ఖాళీ స్ట్రింగుకు కలుపుకుంటూ పోవడం ఎన్నో పాఠాల్లో కనిపించే పద్ధతి. అలా కలిపేటప్పుడు నోడ్ ఒక్కో ముక్కను విడివిడిగా అక్షరాలుగా మారుస్తుంది. ముక్క ఎక్కడ తెగుతుందో తెలుగు అక్షరానికి తెలియదు. ముక్క 65,536 బైట్లది అనుకుంటే, దాన్ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది. అంతా తెలుగే ఉన్న పాఠ్యంలో ఆ మిగిలిన ఒక్క బైటు తర్వాతి అక్షరానిది. అసలు పేజీల్లో ఖాళీలూ ట్యాగులూ ఉంటాయి గనుక కోత ఎక్కడైనా పడవచ్చు. కానీ తెలుగు పదం లోపల పడితే మూడింట రెండుసార్లు అక్షరం నిలువునా చీలుతుంది. ‘పాలంపేట’లోని ‘ల’ మొదటి బైటు తర్వాత తెగిందంటే, ముందు ముక్కలోని ఆ బైటుకు ఒకటి, తర్వాతి ముక్కలోని రెండు బైట్లకు రెండు, మొత్తం మూడు ప్రశ్నార్థకపు నల్ల గుర్తులు వస్తాయి. మూడు బైట్ల అక్షరం స్థానంలో ఇప్పుడు తొమ్మిది బైట్లు చేరాయి గనుక సైటు పంపిన కంటెంట్-లెంగ్త్ కూడా తప్పైపోతుంది, పేజీ చివర తెగుతుంది. పేజీ మళ్లీ తెరిస్తే కోత మరో చోట పడుతుంది. అందుకే తెలుగు చదివేవారు ఒకసారి కనబడి మరోసారి మాయమయ్యే ఈ గుర్తులను ఫాంటు దోషం అనుకుంటారు.

బొమ్మల సంగతి మరీ దారుణం. రామప్ప గుడి నల్లరాతి మదనికల ఫొటో ఒకటి ఇదే ప్రాక్సీ గుండా తెస్తే ఏమీ మిగలదు. జేపెగ్ ఫైలు 255, 216, 255 అన్న బైట్లతో మొదలవుతుంది. యూటీఎఫ్-8లో 255 అన్న బైటు ఉండనే ఉండదు. స్ట్రింగుగా మార్చిన క్షణంలో మొదటి బైటే పోయింది. ఆ తర్వాత వచ్చేదేదీ ఫొటో కాదు. బైట్లను బైట్లుగానే, బఫర్ రూపంలో, ముట్టుకోకుండా పంపడం ప్రాక్సీ మొదటి ధర్మం. మార్చవలసిన అవసరమే ఉంటే మొత్తం చేరాక ఒకేసారి మార్చాలి, లేదా సగం అక్షరాన్ని తర్వాతి ముక్క వచ్చేదాకా పట్టి ఉంచే డీకోడర్‌ను వాడాలి. నోడ్‌లో అది సిద్ధంగానే ఉంది.

చిరునామాల్లోని తెలుగు ఇంకో మెలిక. ‘పాలంపేట’ వెబ్ చిరునామాలోకి వెళ్లినప్పుడు 21 బైట్లలో ప్రతిదీ శాతం గుర్తూ రెండు అంకెలూ కలిసి మూడు గుర్తులవుతుంది. ఏడు సంకేతాల పేరు 63 గుర్తుల పొడవు. చదవడానికి వీలుగా ఉంటుందని దాన్ని విప్పి, విప్పిన తెలుగు దారినే నోడ్‌కు ఇస్తే, దారిలో ఉండకూడని అక్షరాలున్నాయంటూ నోడ్ అక్కడికక్కడే మినహాయింపు (ఎక్సెప్షన్) విసురుతుంది. పది వరుసల్లో దాన్ని పట్టుకునే వరుస లేదు. మినహాయింపును ఎవరూ పట్టుకోకపోతే నోడ్ ప్రాసెస్ మొత్తం ఆగిపోతుంది. ఒక తెలుగు చిరునామా వల్ల ఆ క్షణంలో ఆ సర్వర్ మీద ఉన్న అందరి పేజీలూ తెగిపోతాయన్నమాట. పేరు తప్పు కొట్టిన చిరునామాతోనూ జరిగేది ఇదే: సైటు దొరకలేదన్న ఎర్రర్ ఈవెంటును అందుకునేవారు లేక సర్వర్ కూలుతుంది. అవతలి సర్వర్ పలకకపోతే 502, సమయానికి జవాబు ఇవ్వకపోతే 504 అన్న సంకేతాలు ప్రాక్సీలకోసమే ఏర్పడ్డాయి. వాటిని పంపని ప్రోగ్రాంను ప్రాక్సీ అనడానికి వీల్లేదు.

హెడర్ల విషయంలోనూ ఉన్నదున్నట్టు అటుదిటు ఇటుదటు వేయడం కుదరదు. కనెక్షన్, కీప్-అలైవ్, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్, అప్‌గ్రేడ్ వంటివి ఒక యంత్రం నుంచి పక్క యంత్రం దాకా సాగే ఒక్క అంగకే పరిమితమైనవి. వాటిని తీసేసి ముందుకు సాగాలి. 2022లో వెలువడిన హెచ్‌టీటీపీ ప్రమాణపత్రం 9110 ప్రకారం ప్రాక్సీ తాను పంపే ప్రతి సందేశానికీ ‘వయా’ హెడర్ చేర్చి తీరాలి. ఇది అలంకారం కాదు. ఎవరైనా ప్రాక్సీ గుండా ఆ ప్రాక్సీ చిరునామానే అడిగితే, అది తనను తాను అడుగుతుంది, మళ్లీ అడుగుతుంది, సాకెట్లు అయిపోయేదాకా అడుగుతూనే ఉంటుంది. వయాలో తన పేరే కనబడినప్పుడు ఆగిపోవచ్చు. ఇక కుదింపు. నోడ్‌లో ఉన్న ఫెచ్ ఫంక్షన్ జిజిప్‌తో కుదించిన జవాబును తానే విప్పుతుంది గానీ కుదించి ఉందని చెప్పే హెడర్‌ను అలాగే ఉంచుతుంది. ఆ హెడర్లను యథాతథంగా బ్రౌజరుకు పంపితే, విప్పిన పాఠ్యాన్ని మళ్లీ విప్పబోయి బ్రౌజర్ చేతులెత్తేస్తుంది.

వేగాల తేడాను సర్దడం కూడా ప్రాక్సీ పనే. డేటా సెంటరులోని సైటు క్షణంలో కుమ్మరిస్తుంది. ఫోను సిగ్నలు సరిగా అందని చోట కూర్చున్న పాఠకుడు బొట్టుబొట్టుగా తీసుకుంటాడు. పాలంపేట పక్కనే ఉన్న కాకతీయుల నాటి రామప్ప చెరువు ఎంత నిండినా, కాలువ మోయగలిగినంత నీరే తూము గుండా వదలాలి. నోడ్‌లో ఆ పని స్ట్రీమ్ చేస్తుంది: రాసే వైపు నిండిందని చెబితే చదివే వైపు ఆగుతుంది. ఆ మాట వినకుండా వచ్చిన ముక్కనల్లా రాసేస్తూ పోతే, నెమ్మదైన పాఠకుల పేజీలన్నీ సర్వర్ మెమరీలో పేరుకుపోతాయి. ‘పైప్’ ఈ నియంత్రణను చూసుకుంటుంది గానీ ఒక పక్క తెగితే రెండో పక్కను మూయదు. 2018లో నోడ్ 10తో వచ్చిన ‘పైప్‌లైన్’ రెండూ చేస్తుంది. అయినా పాఠాల్లో కనబడేది ఎక్కువగా పాత పద్ధతే. ఒకప్పుడు ఒక్క వరుసలో ప్రాక్సీ అంటూ పేరుపడ్డ ఉదాహరణలు ‘రిక్వెస్ట్’ అన్న ప్యాకేజీ మీద నిలిచాయి. దాన్ని రాసినవారే 2020 ఫిబ్రవరిలో దాని కాలం చెల్లిందని ప్రకటించారు.

భద్రత విషయంలో మాత్రం పది వరుసల పాఠాన్ని మన్నించడానికి వీల్లేదు. సర్వరుకు పోర్టు సంఖ్య మాత్రమే ఇచ్చి వినమంటే, నోడ్ ఆ యంత్రానికి ఉన్న అన్ని నెట్‌వర్కుల మీదా వింటుంది. కాలేజీ హాస్టల్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ అయితే హాస్టలంతటికీ, క్లౌడ్ సర్వర్ అయితే ప్రపంచమంతటికీ తలుపులు బార్లా తెరిచినట్టే. తన యంత్రానికే పరిమితం కావాలంటే 127.0.0.1 అని విడిగా రాయాలి. ఆ ఒక్క పదం పాఠంలో ఉండదు. తెరిచిపెట్టిన ప్రాక్సీ గుండా ఇతరులు చేసే పనులన్నీ దాని యజమాని చిరునామా మీద నమోదవుతాయి. బ్రౌజర్ అడ్డు తప్పించే మూడో రకం ప్రాక్సీకి ఏమవుతుందో ఒక ఉదాహరణ చాలు. రాబ్ వూ రాసిన ‘కోర్స్ ఎనీవేర్’ చక్కని ప్రోగ్రాం. నమూనాగా పెట్టిన దాని ఉచిత సర్వరును జనం సొంత సైట్లకు ఆధారంగా వాడుకోవడం, దుర్వినియోగం పెరగడంతో 2021 ఆరంభంలో దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద ముప్పు లోపలివైపు నుంచి వస్తుంది. ఏ చిరునామా అడిగితే అది తెచ్చిపెట్టే సర్వర్ తాను కూర్చున్న నెట్‌వర్కులోని రహస్యాలనూ తెచ్చిపెడుతుంది. 192.168తో మొదలయ్యే చిరునామా అడిగితే ఆఫీసు రౌటర్ పేజీ వస్తుంది. క్లౌడ్ యంత్రంలో 169.254.169.254 అడిగితే ఆ యంత్రపు తాళంచెవులు రావచ్చు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి దాదాపు 10 కోట్ల 60 లక్షల మంది వివరాలు బయటికి పోయింది ఈ తరహా దారిలోనే: నడుమ నిలిచిన ఫైర్‌వాల్ అమరికలో లోపాన్ని పట్టుకుని, దాని చేతే లోపలి చిరునామాను అడిగించారు. నిషిద్ధ చిరునామాల జాబితా రాసుకోవడం చాలదు. మంచి పేరున్న డొమైన్ లోపలి చిరునామాకు తీసుకెళ్లవచ్చు; మొదటి జవాబు దారిమళ్లింపై రెండో అడుగులో లోపలికి చేర్చవచ్చు. డీఎన్ఎస్ చెప్పిన తుది చిరునామాను చూసి, ప్రతి మళ్లింపులోనూ మళ్లీ చూడాలి. అన్నిటికన్నా మేలైనది అనుమతించిన సైట్ల చిన్న జాబితా పెట్టుకుని, అందులో లేనిదాన్ని తిరస్కరించడం.

ప్రాక్సీ పెడితే డేటా ఆదా అవుతుందన్నది ఈ పాఠాలతో కలిసి తిరిగే మరో నమ్మకం. ములుగు జిల్లాలో ఏదో ఒక బడి కంప్యూటర్ గదిలో ఇరవైమంది పిల్లలు రామప్ప గుడి గురించిన ఒకే వికీపీడియా పేజీ తెరిచారనుకుంటే, ‘కనెక్ట్’ దారిలో వెళ్లే ఆ పేజీ ప్రాక్సీకి గుప్తలిపిలోనే కనబడుతుంది; దాచిపెట్టి పంచడానికి దాని చేతిలో ఏమీ లేదు. పేజీ ఇరవైసార్లూ బయటినుంచే వస్తుంది. ఆ బడికి కావలసింది ప్రాక్సీ కాదు, వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండా చదివించే కివిక్స్ వంటి ఏర్పాటు. దాచగలిగిన రివర్స్ ప్రాక్సీలోనూ క్యాష్-కంట్రోల్, ఆథరైజేషన్, వేరీ హెడర్లను చదవకుండా దాస్తే ఒకరి ఖాతా పేజీ మరొకరికి వెళుతుంది. పాఠకుడి భాషను బట్టి పేజీ మార్చే సైటులో, ముందుగా ఇంగ్లిషు పాఠకుడు వచ్చి ఉంటే తర్వాత తెలుగు కోరినవారికీ ఇంగ్లిషే అందుతుంది.

సర్వరుకూ చదివేవారికీ నడుమ జావాస్క్రిప్టు తెలుగుకోసం పనిచేసిన నిజమైన ఉదాహరణ ఒకటుంది. 2000ల తొలి దశకంలో ఈనాడు వంటి పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక తమ తమ ఫాంట్ల సంకేతాల్లో ఉండేవి. పేజీలోని పాఠ్యాన్ని ఎత్తి మరోచోట పెడితే రోమన్ అక్షరాల గజిబిజి మిగిలేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు తొలి అడుగు వేసిన వెన్న నాగార్జునే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ‘పద్మ’ అన్న పొడిగింపు రాసి, ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించారు. అది ప్రాక్సీ కాదు, చదివేవారి బ్రౌజర్‌లోనే నడిచేది. అయినా నడుమ నిలిచి పాఠ్యాన్ని ముట్టుకునే ప్రోగ్రాంకు ఏం తెలిసి ఉండాలో అది చూపించింది. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక, ఏ సంకేతం ఏ అక్షరంలో ఏ భాగమో, గుణింతం ముందా వెనుకా అన్న క్రమం, అన్నీ విడివిడిగా రాయవలసి వచ్చింది. ఆ శ్రద్ధను ఈ పది వరుసల పక్కన పెడితే లోటు ఎంతో అర్థమవుతుంది.

ఇదంతా నేర్చుకోవడానికే కదా అన్నది పాఠాన్ని సమర్థించేవారి మొదటి జవాబు. నేర్చుకోవడానికి రాసినదే క్లౌడ్‌లోకి ఎక్కుతుంది. ఎక్కించడం రాయడం కన్నా సులువైన రోజులివి. పైగా ఎర్రర్‌ను పట్టుకోవడం, బైటునూ అక్షరాన్నీ వేరుచేసి చూడటం నేర్చుకునేవారికి మొదట రావలసినవే. మన దేశంలో చట్టం కూడా ఈ జవాబును ఒప్పుకోదు. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీసు ఇచ్చే సంస్థలూ మధ్యవర్తులూ సర్వర్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తికి ఇచ్చే రక్షణ, పంపే సమాచారాన్ని తాను మార్చనప్పుడే వర్తిస్తుంది. పేజీలో మార్పులు చేసి పంపే ప్రాక్సీ పెట్టినవారు ఈ సంగతి తెలుసుకునే పెట్టాలి.

రెండో జవాబు, ఇవన్నీ ప్యాకేజీలు చూసుకుంటాయని. కొన్ని చూసుకుంటాయి, అదీ అడిగితేనే. నోడ్ లోకంలో బాగా వాడుకలో ఉన్న ‘హెచ్‌టీటీపీ-ప్రాక్సీ’లో హోస్ట్ హెడర్‌ను అవతలి సైటుకు తగినట్టు మార్చే ఎంపిక మొదట ఆపివేసి ఉంటుంది, ఎర్రర్ ఈవెంటుకు ఎవరూ కాచుకోకపోతే అదీ మినహాయింపు విసురుతుంది, ఏ చిరునామాను అనుమతించాలో అది తేల్చదు. ప్యాకేజీ వాడినా ఈ ప్రశ్నలన్నీ వాడేవారి దగ్గరే ఉంటాయి. ఆ ప్రశ్నలు పది వరుసల పాఠంలో ఎదురుకాలేదు గనుక వాటికి ఎంపికలున్నాయనీ వారికి తెలియదు.

పాఠం చెప్పవలసిన తీరు కష్టమేమీ కాదు. ముందు మూడు రకాల్లో ఏది కడుతున్నారో తేల్చాలి. 127.0.0.1 మీద మాత్రమే వినేలా పెట్టి, అనుమతించిన సైట్ల జాబితా పెట్టి, ఒక్క అంగకే చెల్లే హెడర్లను తీసేసి, వయా చేర్చి, పైప్‌లైన్‌తో బైట్లను కలిపి, గడువు పెట్టి, 502నీ 504నీ పంపించాలి; ఫార్వర్డ్ అయితే ‘కనెక్ట్’ను అందుకోవాలి. ఆ తర్వాత పరీక్షలు: ఒక పొడవాటి తెలుగు పేజీ, తెలుగు పేరున్న చిరునామా, మదనిక ఫొటో ఒకటి, లేని సైటు పేరు, ప్రాక్సీ సొంత చిరునామా, సగంలో మూసేసిన బ్రౌజర్. ఫొటోను నేరుగా ఒకసారి, ప్రాక్సీ గుండా ఒకసారి దించి రెండు ఫైళ్లనూ బైటు బైటుగా పోల్చాలి. ఇవన్నీ చేర్చిన ప్రోగ్రాం రెండు మూడు వందల వరుసల్లో సరిపోతుంది, వారం రోజుల తరగతుల్లో చెప్పడానికి వీలైనదే.